సున్నపు గుర్తు

ఆ ఎండాకాలం నాకు ఇప్పటికీ కూలర్ గడ్డి వాసనతోనే గుర్తొస్తుంది. తడిసిన గడ్డి వాసన, దాని వెనక సన్నగా బొగ్గు వాసన. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బొగ్గు కోసం బ్లాస్టింగు జరిగితే గూట్లో స్టీలు గ్లాసులన్నీ గలగలమని ఊగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నిలబడేవి. అప్పటి సంగతులన్నీ నిజంగా జరిగాయా, పగటి నిద్రలో కలగన్నానా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. అలా వచ్చినప్పుడు బాయి దారి మలుపు దాకా పోయి చూసొస్తాను. బాయి అంటే బొగ్గు గని. మా గోదావరిఖనిలో గని అనేది ఊరి పేరులో ఖనిగా మాత్రమే ఉంది, నోట్లో బాయే.

లక్ష్మీనగర్‌లో మాకొక ఫ్లెక్సీ షాపు ఉంది. మిషన్ మా ఆయన కిషన్ నడుపుతాడు, డిజైన్లు నావి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు అన్నీ చేస్తాం గానీ మాకు అన్నం పెట్టేది మాత్రం రిటైర్మెంట్లు. మా దగ్గర నెలాఖరు వచ్చిందంటే ఎవరో ఒకరు బాయి దిగడం మానేస్తారు. ఇక శాలువాలు, దండలు, డప్పులు, మోటారు సైకిళ్ళు, అన్నిటికన్నా ముందు నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో ఏముండాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నవ్వు ముఖం ఫోటో, పేరు, టోకెన్ నంబరు, ఏ బాయిలో చేశాడు, ఎప్పుడు చేరాడు, ఎప్పుడు రిటైరయ్యాడు. శుభాకాంక్షలు చెప్పేవాళ్ళు చెప్పుకోవాలి గదా అని కింద ఫోన్ నంబరు.

టోకెన్ నంబరు గురించి ఒక మాట చెప్పాలి. పాత రోజుల్లో బాయి దిగేవాళ్ళు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళను దీపాల గదిలో ఇచ్చి దీపం తీసుకునేవాళ్ళట. పైకొచ్చి దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటే మనిషి వచ్చినట్టు. బిళ్ళ ఇంకా కొక్కేనికి వేలాడుతోందంటే ఆ మనిషి లోపలే ఉన్నట్టు. లోపల ఏదైనా కూలితే మొదట లెక్కపెట్టేది బిళ్ళలనే. ఇప్పుడు వేలిముద్ర మిషన్లు వచ్చాయి గానీ, మా బాపు తరం వాళ్ళకు నంబరు పెట్టి పిలిచినవాడు తమ ప్రాణం సంగతి అడుగుతున్నట్టే.

మా బాపు సదానందం ఆ ఏప్రిల్ ఆఖరున రిటైరయ్యాడు. ముప్పై మూడేళ్ళు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పుకు ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. అంతకన్నా ముందు చేసే పని ఇంకొకటి ఉంది. ఇదివరకే సపోర్టు పెట్టిన చోట నిలబడి, పొడుగు వెదురు కట్టెతో అవతలి కప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టి కప్పు ఠంగుమంటుంది. లోపల పగిలిన కప్పు డబ్‌మంటుంది. అలా బోలుగా వినబడ్డ చోట బాపు తన తంబాకు డబ్బీలోంచి సున్నం వేలికి తీసుకుని ఇంటూ గుర్తు వేసేవాడు, వెనక షిఫ్టువాళ్ళు దాని కింద నిలబడకుండా. బాయిలో బీడీ ముట్టించొద్దు గనక అందరి జేబుల్లోనూ తంబాకూ సున్నమే ఉండేవి. ఆయన కొట్టి సరేనన్న కప్పు కింద ముప్పై మూడేళ్ళలో ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. ఆ సంగతి బాపు నోటితో చెప్పుకోడు గానీ నడకలో తెలిసిపోయేది.

ఆయన ఫ్లెక్సీని నేనే దగ్గరుండి చేశాను. రెండు రాత్రుల నిద్ర దానికే పెట్టాను. తెచ్చి క్వార్టరు ముందు విప్పితే బాపు కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"ఇంత పెద్దగ నా నంబరెందుకే జమునా?"

"సదానందం అంటె ఎవ్వలకెరుక బాపూ? మూడువేల నూట నలభై ఆరంటేనే గుర్తుపడుతరు."

మా అవ్వ సారవ్వ వాకిట్లో చాటతో చెరుగుతూ, "అవ్ మరి. నేను గూడ గా నంబరుతోనే కాపురం జేస్తి" అంది. బాపు సిగ్గుపడి నవ్వాడు. ఆ నవ్వును కూడా ఫోటో తీసి, ఫ్లెక్సీతో కలిపి మా షాపు ఫేస్‌బుక్ పేజీలో పెట్టాను. చేసిన ప్రతి ఫ్లెక్సీనీ అందులో పెడతాను. చూసినవాళ్ళే రేపు గిరాకీ అవుతారని నా తెలివి. సాయంత్రానికి రెండు వందల లైకులు వస్తే ఊరంతా మా బాపుకు దండం పెట్టినంత సంబరపడ్డాను.

మే నెలలో రామగుండం ఎండ ఎట్లా ఉంటుందో తెలిసిందే. పన్నెండు దాటితే రోడ్డు మీద కుక్క కూడా కనబడదు. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఎండలో కరిగి ఊగుతున్నట్టు కనిపించేవి. బాపు శరీరం ఇంకా షిఫ్టుల్లోనే ఉంది. సైరన్ కూస్తే చెప్పులు వెతికేవాడు, ఎక్కడికి పోవాలో గుర్తురాక మళ్ళీ కూర్చునేవాడు. మధ్యాహ్నం కూలర్ ముందు పడుకుంటే నిద్రలో ఆయన చెయ్యి గాలిలోకి లేచి దేన్నో కొట్టి చూసేది.

అలా ఒక మధ్యాహ్నం వచ్చిన ఫోన్ సంగతి ఆయన దగ్గర ముక్కలు ముక్కలుగా రాబట్టుకున్నదే, అందుకే నాకు కూడా అది కలలాగే ఉంటుంది. కలలో బాపు బాయిలో ఉన్నాడట. పైనుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. దీపం వెలుగు అందని చోటు నుంచి ఎవరో "మూడువేల నూట నలభై ఆరు!" అని పిలిచారట. "ఆఁ, ఉన్న సార్" అన్నాడట బాపు. అని కళ్ళు తెరిస్తే ఫోన్ చెవి దగ్గరే ఉంది. కలలో గొంతూ ఫోన్‌లో గొంతూ ఒకటే అనిపించిందట.

"సదానందం గారూ, పింఛను ఆఫీసు నుంచి మాట్లాడుతున్న" అన్నాడట ఆ గొంతు మనిషి. ఏ బాయో చెప్పాడు. ఏ తేదీన చేరాడో, ఏ తేదీన రిటైరయ్యాడో చెప్పాడు. "మీరు బతికున్నట్టు రుజువు మాకింకా రాలేదు. అది లేకపోతే మీ పింఛను మొదలు కాదు. లింకు పంపిన, నొక్కండి."

బాపు నొక్కాడు. తెర మీద బొగ్గు కంపెనీ గుర్తు లాంటిదే వచ్చింది. ఖాతా వివరాలు అడిగింది, ఇచ్చాడు. తర్వాత ఫోన్‌కు ఆరంకెలు వచ్చాయి. చదవమంటే చదివాడు. అట్లా మూడుసార్లు. "అయిపోయింది కాకా, ఇక నిమ్మళంగ పండుకో" అన్నాడట వాడు. పాపిష్టి ముండాకొడుకు, కాకా అని కూడా అన్నాడు! తాను బతికే ఉన్నానని రుజువైంది గదా అని మా బాపు నిజంగానే మళ్ళీ పడుకున్నాడు.

సాయంత్రం నేను మామిడికాయలు పట్టుకుని పోయేసరికి ఆయన ఫోన్‌లో పైసలు తీసినట్టు బ్యాంకు మెసేజీలు వరుసగా ఉన్నాయి. సంచి కింద పెట్టి అన్నీ చదివాను.

"బాపూ, ఎవ్వలకన్న నంబర్లు చదివి చెప్పినవా?"

"పింఛనోల్లకు."

"పింఛనోల్లు ఎందుకడుగుతరు బాపూ!"

ఆయన ముఖం చూసి ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. వెంటనే సైబర్ మోసాలు చెప్పుకునే 1930కి ఫోన్ చేశాం, బ్యాంకుకు పరుగెత్తాం, పోలీసు స్టేషన్‌లో కాయితం రాసిచ్చాం. తొందరగా చేసినందుకు కొంత ఆగింది. ఎక్కువ భాగం పోయింది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, నస్పూర్‌లో కొన్న జాగలో రెండు గదులు వేసుకుందామని పెట్టుకున్న పైసలవి.

"పైసలు పోతే పోనియ్. పానం పోలేదు గద" అంది అవ్వ. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని బాపు ఒక్కటే మాటన్నాడు. "ముప్పై మూడేండ్లు కప్పు సూస్తి. గిదొక్కటి కొట్టి సూడకపోతి."

తర్వాత ఆయన వాకిలి దాటలేదు. బాయి నుంచి ఇంటికి తెచ్చుకున్న వెదురు కట్టెను మంచం కిందికి తోసేశాడు. "బయటికి పొక్కనియ్యకుండ్రి. ఎవ్వలకన్న తెలిస్తే నేను మొఖం చూపియ్యలేను" అని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. అన్నం కలిపి వదిలేసేవాడు. గడ్డం తెల్లగా పెరిగింది. నడకతోనే తెలిసిపోయే మనిషి, నాలుగడుగుల గదిలో గోడ పట్టుకుని నడిచేవాడు.

బుచ్చన్న కాక మాత్రం రోజూ వచ్చేవాడు. ఆయనా బాపూ ఒకే బ్యాచీ, ఒకే దిమ్మెను చెరో కొస పట్టి మోసినవాళ్ళు. బుచ్చన్న కాక నెల ముందే రిటైరయ్యాడు, ఆయన ఫ్లెక్సీ కూడా మాదే.

"సదానందం, చాయకు పోదాం రా."

"పానం మంచిగ లేదు తియ్."

అయినా కాక వెంటనే పోయేవాడు కాదు. సైకిలు హ్యాండిల్ పట్టుకుని గేటు దగ్గర చాలాసేపు నిలబడి, ఏదో అడగబోయి మానేసి, బెల్లు ఒకసారి ఊరికే మోగించి వెళ్ళిపోయేవాడు. స్నేహమంటే ఇదీ అనుకునేదాన్ని నేను.

ఒకరోజు అవ్వ నన్ను పెరట్లోకి పిలిచి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గిట్లనే ఉంటె మనిషి దక్కడు బిడ్డా. ఎట్లన్న జేసి నీ బాపును గడప దాటియ్యి."

ఎట్లా దాటించాలో నాకేం తెలుసు. ఆ వారమే స్టేషన్‌కు మళ్ళీ పోవాల్సి వచ్చింది. అక్కడ సైబర్ కేసులు చూసే అమ్మాయి మా కాయితం తిరగేస్తూ అడిగింది. "అక్కా, మీ బాపు టోకెన్ నంబరు, డ్యూటీల చేరిన తారీఖు వాళ్ళకెట్ల ఎరుకైంది?"

"ఆఫీసుల ఎవ్వడో లోపటోడే అమ్ముకుని ఉంటడు" అన్నాను ధీమాగా.

అదే కోపంతో షాపుకొచ్చి, ఆ లోపటోణ్ణి కడిగేస్తూ మా పేజీలో నాలుగు ముక్కలు రాద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేజీ తెరుచుకుంది. అందులో మా బాపు నవ్వుతున్నాడు. కిందికి జరిపితే బుచ్చన్న కాక నవ్వుతున్నాడు. ఇంకా కిందికి పోతే ఇంకో ముసలాయన, ఆయన కింద మరొకాయన. అందరి పేర్లూ, టోకెన్ నంబర్లూ, బాయిలూ, తారీఖులూ, ఫోన్ నంబర్లూ. దొంగలకు నేనే వరుసపెట్టి, రంగులద్ది, పూలదండలు వేసి మరీ అందించాను. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

అన్నీ తీసేశాను. తీసేసి తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. షాపు పోతుందని భయం ఒకటి. దానికన్నా పెద్ద భయం, బాపు నన్ను ఏమీ అనడేమోనని. మా ఇంట్లో ఎవరైనా పెద్ద తప్పు చేస్తే ఆయన ఏమీ అనడు. ఆ మౌనం నేను చిన్నప్పుడొకసారి చూశాను, మళ్ళీ చూడలేను. కానీ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నేల చూస్తూ కూర్చున్న ఆ మనిషిని చూడటం ఇంకా కష్టమైంది.

పదో రోజు మధ్యాహ్నం పోయాను. అవ్వ వంటింట్లో కునుకు తీస్తోంది. కూలర్‌లో నీళ్ళు అయిపోయి వట్టి గాలి కొడుతోంది. బాపు మంచం మీద కళ్ళు తెరుచుకునే పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటుంటే బ్లాస్టింగు అయింది. గ్లాసులు గలగలమన్నాయి. అవి ఆగేదాకా ఇద్దరం ఆగాం.

"బాపూ, తప్పు నీది గాదు. నాది."

మొత్తం చెప్పాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. ఆయన కదలకుండా విన్నాడు.

"బుచ్చన్నది గూడ పెట్టినవా?"

"పెట్టిన."

"ఇంకెందరివి?"

"మస్తు మందివి బాపూ."

బాపు లేచి కూర్చున్నాడు. కాళ్ళతో నేల మీద తడిమాడు. "అంటే వాళ్ళందరు గూడ గదే కప్పు కింద నిలబడ్డరన్నట్టు" అన్నాడు మెల్లగా. "నా చెప్పులేడున్నయే?"

"బయట నిప్పులు కురుస్తున్నయ్ బాపూ, ఇప్పుడెందుకు..."

"చెప్పులు దే."

మంచం కిందికి వంగి కట్టె కూడా బయటికి తీశాడు. నన్ను తిట్టమని అడిగాను. "తిడుత తియ్. ముందుగాల ఈ పని గానీ" అన్నాడు. తర్వాత తీరిగ్గా మూడు రోజులు తిట్టాడు కూడా, నా ప్రాణం కుదుటపడింది. కానీ అప్పుడు మాత్రం ఎండలోకి దిగి, నేను స్కూటీ తీసేలోపే సగం వీధి నడిచేశాడు. అలికిడికి లేచొచ్చిన అవ్వ గడపలో నిలబడి, అడ్డు చెప్పకుండా చూస్తూ ఉండిపోయింది.

ఇల్లిల్లూ తిరుగుదామంటాడనుకున్నాను. కాదు, నేరుగా మా షాపుకొచ్చాడు. కిషన్ లేచి కుర్చీ వేశాడు.

"అల్లుడా, ఒక ఫ్లెక్సీ కొట్టాలె. మొన్న నాది ఎంత పెద్దగ కొట్టిండ్రో గంతే."

"ఏమని మామా?"

"నేను మోసపోయిన్నని."

"పరువు పోతది బాపూ, నువ్వే గదా ఒట్టు వెట్టిచ్చుకున్నవ్" అన్నాను.

"బోలు కప్పుకు గుర్తు పెట్టినోనికి పరువు పోతదానే? చూసి గుర్తు పెట్టకుంట పోయినోనిది పోతది."

ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

"నేను సదానందం, టింబర్‌మన్‌ను. ఫోన్ల నా నంబరు చెప్పినోన్ని మనోడే అనుకున్న. లింకు నొక్కిన. వచ్చిన అంకెలు చదివి చెప్పిన. మోసపోయిన. అన్నలారా, గట్ల ఫోనొస్తే ఎంత మంచిగ మాట్లాడిన పెట్టేయుండ్రి. బాయిల ఏం జేస్తం? సపోర్టు కిందికి జరిగి, అక్కడికెల్లి కొట్టి సూస్తం. ఇక్కడ గూడ గంతే. మనకు ముందే ఎరుకైన నంబరుకు మనమే ఫోన్ జెయ్యాలె, లేకుంటే ఆఫీసుకు నడిచి పోవాలె. అంకెలు ఎవ్వలకు చెప్పొద్దు. పైసలు పోతే సిగ్గుపడకుంట జల్ది 1930కి ఫోన్ జెయ్యాలె."

దాని కింద నేనొక వాక్యం చేర్చాను. పెద్దమనుషుల టోకెన్ నంబర్లూ ఫోన్ నంబర్లూ పేజీలో పెట్టిన తప్పు మాదేనని, ఇకమీదట వెయ్యబోమని, షాపు పేరుతో సహా.

"మన పేరు గూడానా?" అన్నాడు కిషన్.

"గూడ."

కిషన్ మిషన్‌కు రోల్ ఎక్కించాడు. ఆ క్షణంలో నాకు మా ఆయన మీద పుట్టినంత ప్రేమ పెళ్ళిలో కూడా పుట్టలేదు.

ఫోటో పాతదే, నవ్వుతున్నదే పెట్టమన్నాడు బాపు. దాని కింద టోకెన్ నంబరు ఉండే చోట మాత్రం ఖాళీ వదలమన్నాడు.

జూన్‌లో మొదటిసారి మబ్బు పట్టిన రోజున దాన్ని బాయి దారి మలుపులో కట్టాం. గాలికి దుమ్ము లేస్తోంది, వాన వాసన ఎక్కడినుంచో వస్తోంది గానీ వాన లేదు. బాపు డబ్బీ తీసి, సున్నం వేలికి తీసుకుని, ఆ ఖాళీలో ఇంటూ గుర్తు వేశాడు. వేసి దాని పక్కనే కట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి పోదామంటే వినలేదు.

మూడు గంటలకు సైరన్ కూసింది. మొదటి షిఫ్టు వాళ్ళు నల్లటి ముఖాలతో వస్తున్నారు, రెండో షిఫ్టు వాళ్ళు ఎదురు పోతున్నారు. ఒక్కొక్కరే ఆగారు. చదివారు. ఒకడు కిసుక్కుమన్నాడు. ఎవరో ఫోన్ తీసి ఫోటో కొట్టారు. ఆయన్ను ఎట్లాగైనా అక్కణ్ణుంచి తీసుకుపోవాలనిపించింది. బాపు మాత్రం ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ, చదవడం అయిందా అన్నట్టు ఆగి, పక్కవాడి వైపు తిరుగుతున్నాడు.

అప్పుడు బుచ్చన్న కాక వచ్చాడు. సైకిలు దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి చదివాడు. పెదాలు కదుపుకుంటూ మళ్ళీ మొదటినుంచి చదివాడు. సైకిలు పక్కన పడేశాడు.

"సదానందం."

"ఆఁ."

"నాకు నీకన్న వారం రోజుల ముంగటనే అయిందిరా."

కాక ఫ్లెక్సీ మీది అక్షరాలనే చూస్తూ చెప్పాడు.

"గట్లనే నంబరు జెప్పిండు. ఇంట్ల గూడ చెప్పలే. నీకన్న చెబుదామనే రోజు వస్తుంటి. గేటు కాడికి వచ్చినంక నోరు రాకపోతుండె."

‘వారం రోజుల ముంగట’ అన్న మాట నా చెవిలో ఆగిపోయింది. ఈ మనిషి ఆ వారంలో ఒక్కసారి నోరు తెరిచి ఉంటే మా బాపు ఫోన్ పెట్టేసేవాడు. నస్పూర్‌లో రెండు గదులు లేచేవి. కోపంతో అడుగు ముందుకు వేశాను. బాపు కట్టె అడ్డం పెట్టాడు, నావైపు చూడనైనా లేదు.

ఆయన బుచ్చన్న కాకనే చూస్తున్నాడు. అంతసేపు ఏం వింటున్నాడో నాకు తెలియదు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి డబ్బీ తీశాడు, మూత తెరిచి ముందుకు చాపాడు.

"గుర్తు పెట్టు."

బుచ్చన్న కాక వేలు ముంచాడు. సున్నం కొంత చొక్కా మీద పడింది. బాపు వేసిన గుర్తు పక్కన ఆయన కూడా ఒక ఇంటూ వేశాడు, కొంచెం వంకరగా. వేసి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బాపు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

మొదటి చినుకు నా మెడ మీద పడింది. ఎవరూ పోలేదు. గుంపు వెనక ఒకాయన, నాకు పేరు తెలియదు, స్కూటరు ఆపి స్టాండు వేశాడు. నేల చూస్తూ మెల్లగా ముందుకు వచ్చాడు. బాపు డబ్బీ మూత పెట్టలేదు.